హనోయ్ వెళ్తున్నారా? దిగేది మాత్రం పాత ఊళ్ళోనే

1010లో లీ థాయ్ తో అనే రాజు తన రాజధానిని హోవా లు నుంచి ఎర్రనది ఒడ్డుకి మార్చాడు. అదే ఇప్పటి వియత్నాం రాజధాని హనోయ్. 1802లో న్యూయెన్ రాజులు రాజధానిని హుయేకి తరలించుకుపోయినా ఈ ఊరి పెద్దరికం తగ్గలేదు.

అంత చరిత్ర ఉంది కదా అని గోల్కొండ లాంటి కోటని ఊహించుకుని వెళ్తే మాత్రం నిరాశే. థాంగ్ లాంగ్ కోటకి 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది కానీ, లోపల అసలు రాజభవనం లేదు. ఫ్రెంచివాళ్ళు పడగొట్టేశారు. 1467 నాటి రాతి డ్రాగన్లున్న మెట్లు, ఒక పెద్ద ద్వారం, తవ్వకాల గుంటలు, అమెరికా యుద్ధం నాటి బంకరు మిగిలాయి. చరిత్ర మీద ఇష్టం ఉంటే వెళ్ళండి, పిల్లలతో అయితే వదిలేయొచ్చు.

దానికి బదులు సాహిత్య దేవాలయానికి తీరిగ్గా సగం పూట ఇవ్వండి. 1070లో కన్‌ఫ్యూషియస్ పేరిట కట్టిన గుడి, ఆ తర్వాత ఆరేళ్ళకి రాజుగారి విద్యాలయం కూడా అయింది. ఒక ఆవరణలో 82 రాతి తాబేళ్ళు వరసగా కూర్చుని ఉంటాయి. ఒక్కోదాని వీపు మీద ఒక శిలాఫలకం, దాని నిండా రాజు పెట్టిన పరీక్షలు నెగ్గినవాళ్ళ పేర్లు. ఆ తాబేళ్ళ తలలు నిమిరితే పాసవుతామని విద్యార్థులకి నమ్మకం. నిమిరి నిమిరి రాయి నునుపెక్కిపోతోందని ఇప్పుడు కంచె వేశారు. పరీక్షల ముందు అయినవిల్లి వినాయకుడి పెన్నుల కోసం ఎగబడే మనకి ఇందులో వింతేమీ లేదు.

బస పాత ఊళ్ళోనే, హోవాన్ కియెమ్ చెరువుకి నడిచే దూరంలో చూసుకోండి. అక్కడ ఒక్కో వీధి ఒకప్పుడు ఒక్కో సరుకుది, కొన్ని ఇప్పటికీ అంతే. లాన్ ఓంగ్ వీధిలోకి అడుగుపెడితే ఎండిన వేర్లు, బెరళ్ళ ఘాటు వాసన. హాంగ్ మా వీధిలో చనిపోయినవాళ్ళకి పంపడానికి తగలబెట్టే కాగితపు సరుకులు: నోట్ల కట్టలు, చొక్కాలు, సెల్‌ఫోన్లు, మోటారు సైకిళ్ళు. మా అమ్మ అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. పితృదేవతలకి ఫోన్లెందుకురా అని ఆవిడ సందేహం.

ఇళ్ళన్నీ ముందు ఇరుకు, లోపలికి పొడుగు. హోటళ్ళూ అంతే. చవగ్గా దొరికే గదుల్లో చాలావాటికి కిటికీ ఉండదు, వీధి వైపు గదుల్లో హారన్ల మోత. కిటికీ ఉందో లేదో, లిఫ్ట్ ఉందో లేదో ముందే అడిగి, వెనక వైపు పై అంతస్తు గది తీసుకుంటే హాయిగా నిద్రపడుతుంది. మాకు దొరికిన గది చిన్నదే కానీ రిసెప్షన్ అమ్మాయిలు మాత్రం బంగారం.

శాకాహారులకి కొంచెం కష్టమే. కూరగాయల వంటకంలోనూ చేపల సాస్ పడుతుంది. 'చాయ్' (Chay) అని బోర్డున్న చోటికి వెళ్ళండి, అవి టీ కొట్లు కావు, బౌద్ధుల శాకాహార భోజనశాలలు. టోఫు, పుట్టగొడుగులతో భోజనం బాగుంటుంది, కారం మాత్రం వెంట తీసుకెళ్ళండి. పాలకి కరువొచ్చిన 1946లో పుట్టిన గుడ్డు కాఫీని నేను రెండుసార్లు తాగాను. పచ్చసొన చిలికిన నురగ కింద చిక్కటి డికాషన్. అమ్మ కప్పు వైపు కూడా చూడలేదు, కొబ్బరి కాఫీ తెప్పించుకుంది.

హో చి మిన్ సమాధి ఉదయం పూటే తెరుస్తారు, సోమ శుక్రవారాలు సెలవు. క్యూ పొడుగ్గా ఉంటుందని మేం మానేసి, పశ్చిమ సరస్సు ఒడ్డున ఉన్న త్రాన్ కువోక్ పగోడాకి వెళ్ళాం. 1959లో మన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇచ్చిన బోధి మొక్క అక్కడ ఇప్పుడు పెద్ద చెట్టు.

డబ్బు దగ్గర జాగ్రత్త. రూపాయికి సుమారు 300 డాంగులు, 20 వేల నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలమే. రాత్రి పూట తికమక పడితే చేతి చమురు వదిలినట్టే. విమానాశ్రయం బయట ఒక టాక్సీ అతను చెప్పిన రేటు విని మేం నవ్వుకుంటూ 86 నంబరు బస్సెక్కాం. పాత ఊరి మీదుగా రైల్వే స్టేషన్ దాకా వెళ్తుంది. సామాను ఎక్కువైతే గ్రాబ్ యాప్‌లో కారు పిలుచుకోండి, రేటు ముందే కనబడుతుంది కాబట్టి బేరం టెన్షన్ ఉండదు. వీలైతే శుక్రవారం సాయంత్రానికల్లా చేరుకోండి. అప్పటి నుంచి ఆదివారం రాత్రి దాకా చెరువు చుట్టూ రోడ్ల మీదికి బళ్ళని రానివ్వరు, పెద్దవాళ్ళు కూడా భయం లేకుండా నడవొచ్చు.