కొత్త మెషీనా, లీన్ పద్ధతా? చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌కు ఏది మేలు?

చీమకుర్తి, గుండ్లాపల్లి వైపు గ్రానైట్ యూనిట్లు నడిపేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట మల్టీవైర్ మీదికే, అంటే వజ్రపు పూసల తీగలతో రాయిని కోసే మెషీన్ మీదికే పోతోంది. లోను తీసుకుని కొత్త మెషీన్ దించాలా, లేక ఉన్న షెడ్డులోనే పని తీరు మార్చి వృథా తగ్గించుకోవాలా? ఈ రెండో దారినే టొయోటా వాళ్ల పని పద్ధతి నుంచి వచ్చిన లీన్ అంటున్నారు. నా మాట ముందే చెప్పేస్తా, చిన్న యూనిట్‌కు ముందు లీన్, ఆ తర్వాతే మెషీన్.

అలాగని మెషీన్‌ను తీసిపారేయలేం. పాత గ్యాంగ్‌సాలో, అంటే వరుసగా బ్లేడ్లు బిగించిన రంపం మెషీన్లో, ఇనుప గుళ్లు, సున్నం కలిపిన నీళ్లు పోస్తూ రోజుల తరబడి కోసే బ్లాకును మల్టీవైర్ గంటల్లో కోసేస్తుంది, గుళ్లూ సున్నమూ అక్కర్లేదు కాబట్టి మిగిలే బురద దాదాపు వట్టి రాతిపొడే, ఇటుకల్లోకి పంపడం తేలిక. కోత కూడా సన్నం. ఉదాహరణకు 1,400 మి.మీ. వెడల్పు బ్లాకులో 20 మి.మీ. స్లాబులు తీస్తూ ఒక్కో కోతకు 8 మి.మీ. పోగొట్టుకుంటే సుమారు 50 వస్తాయి, అదే కోత 6 మి.మీ.కి తగ్గితే 53. బంగారు చుక్కల గెలాక్సీ రాయి మన చీమకుర్తిలో తప్ప దొరకదు, ఒకసారి తవ్వి తీస్తే మళ్లీ పుట్టదు, అలాంటి రాయిలో మూడు స్లాబులు మిగలడం చిన్న విషయం కాదు.

కానీ ఆ 53లో నాలుగు, దించేటప్పుడో పాలిష్‌కి తరలించేటప్పుడో విరిగాయనుకోండి, చేతికొచ్చేది 49. పాత మెషీన్ మీద ఒక్కటీ విరగకుండా 50 తీసినవాడే నయం! లీన్ చూసేది సరిగ్గా ఇక్కడ. స్లాబును ఎన్నిసార్లు ఎత్తి దించుతున్నాం, స్టాండుకు రబ్బరు ఉందా, ఆర్డరు లేకుండానే కోసి యార్డులో ఎన్ని నిలబెట్టాం, ఇలాంటివన్నీ. కూలి చదరపు అడుగుల లెక్కన ఇస్తూ జాగ్రత్తగా చెయ్యండయ్యా అంటే ఎవరు వింటారు? పగుళ్లు తగ్గినందుకు కూడా నాలుగు రూపాయలు ఇస్తే, ఎక్కడ విరుగుతోందో పనివాళ్లే చూపిస్తారు, వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

కరెంటు సంగతి కూడా అంతే. మధ్యాహ్నం భోజనానికి మెషీన్లన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటి నడవనివ్వండి, గాలి వాడేవాళ్లు లేకపోయినా అది మాటిమాటికీ మళ్లీ గాలి నింపడం మొదలుపెడుతుంటే పైపుల్లో లీకులున్నట్టే, పట్టించుకోని ఫ్యాక్టరీల్లో గాలిలో 20 నుంచి 30 శాతం దాకా ఇలా పోతుంది. దీనికి లోను అక్కర్లేదు, ఒక మెకానిక్, కాస్త ఓపిక చాలు.

ఖర్చు చూస్తే తేడా ఇంకా పెద్దది. 2023 మార్చిలో కేంద్రం చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన లీన్ పథకంలో బేసిక్ స్థాయి ఉచితం, పై రెండు స్థాయిల్లో కన్సల్టెంటు ఫీజులో 90 శాతం ప్రభుత్వమే భరించేలా పెట్టారు. మెషీన్ ఈఎంఐ అలా కాదు, ఆర్డర్లు తగ్గిన నెలలో కూడా కట్టాలి, ఆ టెన్షన్‌తో అమ్ముడుపోని సైజులు కోసి యార్డు నింపితే రాయీ కరెంటూ రెండూ దండగ.

లీన్ చెయ్యలేనిది నీటి దగ్గర ఉంది. బురద తొట్లు ఎంత పద్ధతిగా కడిగినా తడి బురదలో నీళ్లు పోతూనే ఉంటాయి, ఎండితే పొడి లేచి పక్క పొలాల మీదా మనుషుల ఊపిరితిత్తుల్లోకీ పోతుంది, సిలికా దుమ్ము సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుందని తెలిసీ ఊరుకోవడం తప్పు. వేసవిలో బోర్లు ఎండే జిల్లా మనది. అందుకే కొత్త టెక్నాలజీకే డబ్బు పెట్టాలంటే నేను మల్టీవైర్ కన్నా ముందు ఫిల్టర్ ప్రెస్ కొనమంటాను, బురదను పిండి నీళ్లు వెనక్కిస్తుంది, మిగిలిన గట్టి ముద్దను లారీకి ఎత్తడమూ సులువు.

పగుళ్లు అదుపులోకి వచ్చి, రెండు షిఫ్టులు నడిపినా ఆర్డర్లు అందుకోలేని యూనిట్ అయితే మాత్రం ఆగక్కర్లేదు, మల్టీవైర్ కొటేషన్ తెప్పించుకోండి.