కాపర్ మౌంటెన్‌లో ఐదు రోజులు: ఒక్కో రన్‌కి 122 డాలర్లు

అమ్మాయిని స్కీ క్యాంపుకి తీసుకెళ్ళి దిగిన అద్దె బసలో, కార్పెట్ మీద రూపాయి బిళ్ళంత స్కీ వ్యాక్స్ మరకకి 250 డాలర్లు కోశారు. మరక మాదే, కాదనను. కానీ అది అక్కడ ఎందుకు పడిందో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మేముండేది మిన్నెసోటాలో, బర్న్స్‌విల్‌కి దగ్గర. మా అమ్మాయికి పదకొండేళ్ళు, స్కీ రేసింగ్ లెక్కల్లో యూ12, అంటే పన్నెండేళ్ళ లోపు విభాగం. రోజూ సాధన చేసేది బక్ హిల్ మీద. దాని ఎత్తు అటూ ఇటూగా 310 అడుగులు. మన వైపైతే దాన్ని కొండ అనరు, దిబ్బ అంటారు. అయితే 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్వర్ణం కొట్టిన లిండ్సే వాన్ చిన్నప్పుడు ఎరిక్ సైలర్ అనే ఆస్ట్రియా కోచ్ దగ్గర నేర్చుకున్నది ఈ దిబ్బ మీదే. అందుకే ఇక్కడి తల్లిదండ్రులకి కొంచెం గర్వం ఎక్కువ. చిక్కల్లా నవంబరుతోనే. అప్పటికి ఇక్కడ గేట్లు (రేసులో మలుపులు తిరుగుతూ దాటాల్సిన గుంజలు) పాతేంత మంచు ఉండదు. అందుకని చాలా క్లబ్బులు కొలరాడోలోని కాపర్ మౌంటెన్‌కి పరిగెడతాయి. 2011లో అమెరికా స్కీ జట్టు సాధన కోసం స్పీడ్ సెంటర్ పెట్టింది అక్కడే.

2024 నవంబరు 23, శనివారం బయల్దేరాం. నేను, అమ్మాయి, తెనాలి నుంచి వచ్చి మా దగ్గరుంటున్న మా అత్తయ్యగారు. మా ఆయనకి సెలవు దొరకలేదు. విమానం టికెట్లు ముగ్గురికీ 654 డాలర్లు, స్కీల సంచికి రానూపోనూ 70, ఆరు రోజులకి కారు 412. డెన్వర్ విమానాశ్రయం నుంచి కాపర్‌కి దాదాపు వంద మైళ్ళు. ఆ కాలంలో ఐ-70 హైవే మీద మంచుకి తగిన టైర్లు ఉండాలని అక్కడి చట్టం. అద్దె కారు కదా అని వదిలేయకండి, తాళాలు తీసుకునే ముందే టైర్లు వంగి చూసుకోండి. నేను చూడబట్టి కారు మార్పించుకున్నాను. 11,000 అడుగుల పైనున్న ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటుతుంటే అత్తయ్యగారు "అమ్మాయ్, చెవులు మూసుకుపోయాయే" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు తలనొప్పి. మంచినీళ్ళు ఎక్కువ తాగించి, మొదటి రోజు కదలనివ్వకుండా కూర్చోబెడితే సర్దుకుంది.

ఇక బస సంగతి. ప్రకటనలో రెండు మాటలున్నాయి: "లిఫ్ట్‌కి నాలుగు నిమిషాల నడక", "కింద స్కీ ట్యూనింగ్ గది", అంటే స్కీల అంచులకి పదును పెట్టి, అడుగున వ్యాక్స్ పట్టించుకునే చోటు. ఆ రెండూ చూసే రాత్రికి 179 చొప్పున ఐదు రాత్రులు తీసుకున్నాను. శుభ్రం చేసినందుకు 185, పన్నులు 142 కలిపి మొత్తం 1,222. నాలుగు నిమిషాలన్నది చేతులూపుకుంటూ వెళ్ళేవాడికేమో. స్లాలమ్‌కి (గేట్లు దగ్గరదగ్గరగా ఉండే పోటీ) ఒక జత స్కీలు, జెయింట్ స్లాలమ్‌కి (గేట్లు దూరదూరంగా ఉండేది) ఒక జత, బూట్లు, షిన్ గార్డులు మోసుకుని చీకట్లో మంచు మీద నడిస్తే మాకు పదిహేడు నిమిషాలు పట్టింది. షటిల్ ఉందన్నారు, అదేమో ఏడున్నరకి గానీ రాదు. పిల్లలు ఆరూ నలభైకల్లా లిఫ్ట్ దగ్గర ఉండాలి, ఎందుకంటే మామూలు జనం దిగకముందే సాధన లేన్లు వాడేసుకోవాలి.

ట్యూనింగ్ గదికి తాళం. ఆఫీసులో అడిగితే "వచ్చే వారం తెరుస్తాం" అన్నాడు, నా మొహం కూడా చూడకుండా. వచ్చే వారం మేమెక్కడుంటాం? సీజను మొదట్లో ఉండేది మెషీన్ మంచు, రాయిలా ఉంటుంది. సాయంత్రం స్కీ అంచుకి ఆకురాయి పెట్టకపోతే పొద్దున్న పిల్ల పక్కకి జారిపోతుంది. కోచ్ ఇంట్లో చేసుకోమనే చెప్తాడు, బయట చేయిస్తే రోజుకి 45. అందుకని వంటింటి గట్టు మీద దుప్పటి పరిచి, ఇస్త్రీ పెట్టెతో వ్యాక్స్ కరిగించాను. (ఫ్లోరిన్ వ్యాక్సులు పోటీల్లో నిషేధం. ఖరీదైనవి అంటగట్టే దుకాణాల మాట వినకండి, మామూలుది 18 డాలర్లకి వస్తుంది.) ఒక్క చుక్క దుప్పటి దాటి కార్పెట్ మీద పడింది. వచ్చేసిన మూడో రోజు మెయిల్: 250. తాళం వేసిన గది ఫోటో జతచేసి జవాబు రాశాను. ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. మీరు వెళ్తే గది తాళం చేతికొచ్చాకే సామాను దించండి.

క్యాంపు మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. లిఫ్ట్‌తో కలిపి 975. ఆరుగురికి ఒక కోచ్. మొదటి రెండు రోజులు పొడవు గేట్లు అసలు పాతలేదు, మోకాలి లోపు ఎత్తుండే పొట్టి గేట్లే. ఒంటి స్కీ మీద దిగడం, చేతికర్రల్లేకుండా దిగడం, ఇవే. పక్క క్లబ్బు నాన్న ఒకాయన "దీనికా ఇంత డబ్బు కట్టింది" అని గొణుగుతూనే ఉన్నాడు. నాకైతే ఆ రెండు రోజులే డబ్బుకి తగ్గవి అనిపించాయి. ఈ వయసులో గడియారం చూపిస్తే పిల్లలు అడ్డదారులు నేర్చుకుంటారు. మూడో రోజు సాయంత్రం వీడియో చూసి మా అమ్మాయి ఏడ్చింది, ఎడమ మలుపులో వెనక్కి వాలిపోతోందట. కోచ్ తల్లిదండ్రులకి ముందే చెప్పాడు, కార్లో టెక్నిక్ మాట్లాడొద్దని. నోరు కట్టుకుని కూర్చోవడం నాకు స్కీయింగ్ కన్నా కష్టమైంది. నాలుగో రోజు గాలికి లిఫ్ట్ ఆపేశారు.

తిండి గురించి ఒక హెచ్చరిక. కాపర్ కిందిభాగమే 9,700 అడుగుల ఎత్తు. అక్కడ నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కర్ తీసుకెళ్ళలేదు. అత్తయ్యగారు కందిపప్పు రెండు గంటలు ఉడికించారు, ఇంకా పలుకే. అన్నమూ అంతే. "ఈ కొండ మీద మనుషులు ఏం తిని బతుకుతారే" అని ఆవిడ చిరాకు. చివరికి గాలి రోజున ఫ్రిస్కోలో ఒక నేపాలీ హోటల్ దొరికింది. పప్పు, అన్నం, ముల్లంగి పచ్చడి, 19 డాలర్లు. పప్పు మెత్తగా, పలచగా, ఇంగువ లేకపోయినా ఇంటి పప్పులాగే ఉంది. అత్తయ్యగారు ఒక మాటైనా మాట్లాడకుండా తిన్నారు. వడ్డించినావిడ అడక్కుండానే ఇంకో గిన్నె పప్పు తెచ్చి పెట్టింది, బిల్లులో వెయ్యలేదు. ఐదు రోజుల్లో మా అత్తయ్యగారు నవ్వింది అప్పుడే.

తిండికి మొత్తం 340. అన్నీ కలిపితే 3,923. గాలి రోజు పోను మిగిలిన నాలుగు రోజులూ రోజుకి ఎనిమిది చొప్పున అమ్మాయి 32 రన్లు దిగింది (పైనుంచి కిందికి ఒక్కసారి దిగితే ఒక రన్). అంటే రన్‌కి 122 డాలర్ల పైమాటే. బక్ హిల్ మీద రోప్ టో (పైకి లాక్కెళ్ళే తాడు) పట్టుకుని ఒక్క సాయంత్రం ఇరవై దిగుతుంది. యూ12కి ఈ క్యాంపు తప్పనిసరా అని అడిగితే కాదనే చెప్తాను. వెళ్ళాలనుకుంటే స్కీలు మాత్రం క్లబ్బు గేర్ స్వాప్‌లో (వాడిన సామాను అమ్ముకునే సంత) పాతవి కొనండి, ఏడాదికి పిల్ల కాలు ఎలాగూ పెరుగుతుంది. హెల్మెట్ మాత్రం కొత్తదే, చెవుల దగ్గర కూడా గట్టి చిప్ప ఉన్నది. ఈ సలహా ఇస్తున్న నేను 230 డాలర్లు చూసి వెనక్కి తగ్గి, పెద్దపిల్ల ఒకమ్మాయిది అరువు తెచ్చాను. "టోపీకి ఇరవై వేలా" అని అత్తయ్యగారు కూడా వంత పాడారు.

మేం వెళ్ళిన రోజే ఆస్ట్రియాలోని గుర్గ్ల్‌లో అమెరికా రేసరు మికేలా షిఫ్రిన్ 99వ వరల్డ్ కప్ రేసు గెలిచింది. క్యాంపులో పిల్లలకి వారమంతా అదే ధ్యాస, వందోది ఎప్పుడని. ఇంటికొచ్చాక 30వ తేదీ శనివారం వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్‌లో షిఫ్రిన్ దిగిన జెయింట్ స్లాలమ్ ముగ్గురం టీవీలో చూశాం. మొదటి రన్‌లో ఆమే ముందుంది. రెండో రన్‌లో, ఇంకాసేపట్లో ముగుస్తుందనగా, జారి, గేటుకి కొట్టుకుని, పల్టీ కొట్టి వలలోకి వెళ్ళిపడింది. మా అమ్మాయి కదల్లేదు. అత్తయ్యగారు "వాళ్ళమ్మ ఎక్కడుంది" అని అడిగారు. "వాళ్ళమ్మే తన కోచ్, నానమ్మా" అంది మా అమ్మాయి.

కాసేపాగి ఆవిడ నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ చెవులు మూసే టోపీ ఇవాళే ఆర్డరు పెట్టు" అన్నారు.