విండోస్ కీ + వీ: నెట్ సెంటర్‌లో ఏళ్లుగా వాడుతున్న నా అనుభవం

నోటిఫికేషన్ పడిందంటే మా నెట్ సెంటర్‌లో కుర్చీలు చాలవు. టెట్, డీఎస్సీ, ఈఏపీసెట్, స్కాలర్‌షిప్... ఏ ఫారమ్ తెరిచినా అడిగేవి దాదాపు అవే. పేరు, తండ్రి పేరు, మొబైల్ నంబర్, బ్యాంకు అకౌంట్, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. అడ్రసైతే శాశ్వత చిరునామా అని ఒకసారి, ప్రస్తుత చిరునామా అని ఇంకోసారి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ సాయపడింది విండోస్‌లోనే ఉన్న క్లిప్‌బోర్డ్ హిస్టరీ, అంటే కాపీ చేసినవాటి జాబితా. పైసా ఖర్చు లేదు, డౌన్‌లోడ్ లేదు. అయినా కంప్యూటర్ ముందు రోజంతా కూర్చునే వాళ్లలో కూడా చాలామందికి ఇది ఉందని తెలియదు.

కంట్రోల్ సీ కొట్టి కాపీ చేస్తే, తర్వాత ఇంకొకటి కాపీ చేయగానే మొదటిది పోతుంది. అందరికీ అలవాటైన పద్ధతి అదే. విండోస్ కీ పట్టుకుని వీ నొక్కి చూడండి. మొదటిసారి ఆన్ చేయమంటుంది, చేసేయండి. అక్కడి నుంచి మీరు కాపీ చేసినవి ఒకదాని కింద ఒకటి జాబితాగా నిలుస్తాయి. కావలసినదాని మీద క్లిక్ చేస్తే కర్సర్ ఉన్న చోట పడుతుంది. విండోస్ 10లో 2018 అక్టోబర్ అప్‌డేట్‌తో వచ్చిన సదుపాయం ఇది. విండోస్ 11లోనూ ఉంది.

నేను వాడే పద్ధతి చెప్తాను. మనిషి రాగానే ఫారమ్ తెరవను. ముందు నోట్‌ప్యాడ్ తెరిచి, టెన్త్ మెమోలో ఉన్నట్టే పేరు, తండ్రి పేరు, పాస్‌బుక్ చూసి అకౌంట్ నంబర్, తర్వాత అడ్రస్ టైప్ చేస్తాను. స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి, "ఒక్కసారి చదువుకోండి" అంటాను. సరే అన్నాక ఒక్కో లైనూ కాపీ చేసుకుంటాను. ఇక ఫారమ్‌లో ఎన్నిసార్లు అడిగినా విండోస్ వీతోనే నింపుతాను. స్పెల్లింగ్ ఒక్కసారి సరిచూస్తే చాలు, అన్ని గడుల్లోనూ అదే పడుతుంది. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో పిల్లలు ఎంత టెన్షన్ పడతారో చూసినవాడిని. అందుకే వేగం కన్నా ఈ లాభమే నాకు పెద్దది.

నోట్‌ప్యాడే ఎందుకంటే, ఎక్సెల్ మామూలు గడిలో పొడుగు నంబర్లకు భద్రత లేదు. సంఖ్యలో 15 అంకెల వరకే అది గుర్తుంచుకుంటుంది. 16 అంకెల అకౌంట్ నంబర్ కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. మొదట్లో సున్నాలుంటే అవీ ఎగిరిపోతాయి. గడిని ముందే టెక్స్ట్‌గా మారిస్తే ఆ బెడద ఉండదు గానీ, ఆ హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది?

నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి పిన్ చేయడం, అంటే జాబితాలో ఒకదాన్ని పోకుండా నిలిపి ఉంచడం. తహసీల్దార్ గారికి రాసే అర్జీలో మొదటి వాక్యాలు, మా మండలం, జిల్లా, పిన్‌కోడ్ లాంటివి పిన్ చేసి పెట్టుకున్నాను. కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా అవి పోవు. తెలుగు యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో నడిచే పద్ధతిలో టైప్ చేసిందైతే ఉన్నదున్నట్టు వస్తుంది. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టిన మేటర్‌ని మాత్రం నేరుగా తెచ్చి వేయలేం. వెబ్ ఫారమ్‌లో అది అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే.

ఫీజు కట్టాక వచ్చే రసీదుకు విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి కావలసినంత మేర కత్తిరిస్తాను. ఆ బొమ్మ కూడా ఇదే జాబితాలో చేరుతుంది. వాట్సాప్ వెబ్‌లో వాళ్ల నంబర్‌కు అక్కడికక్కడే పంపేస్తాను.

హద్దులూ ఉన్నాయి. జాబితాలో 25 మించి నిలవవు, కొత్తవి వచ్చేకొద్దీ పిన్ చేయని పాతవి జారిపోతాయి. ఒక్కొక్కటి 4 ఎంబీ దాటకూడదు. ఫైళ్లు, ఫోల్డర్లు కాపీ చేస్తే ఇందులోకి రావు, అక్షరాలు, బొమ్మలే వస్తాయి. కొన్ని సైట్లు అకౌంట్ నంబర్ రెండోసారి అడిగే గడిలో పేస్ట్ కానివ్వవు. అది మంచి ఏర్పాటే, అక్కడ చేత్తో కొట్టి సరిచూసుకోవాలి.

జాగ్రత్త తప్పనిసరిగా ఉండాల్సింది ఒక్క చోట. ఆధార్ నంబర్, పాస్‌వర్డ్, అకౌంట్ నంబర్, ఏది కాపీ చేసినా ఈ జాబితాలో అందరికీ కనపడేలా ఉండిపోతుంది. తర్వాత వచ్చి కూర్చున్న మనిషి విండోస్ వీ నొక్కితే అన్నీ కళ్లముందుంటాయి. మనల్ని నమ్మి కాగితాలు చేతిలో పెట్టినవాళ్ల వివరాలవి. అందుకే ఒక మనిషి పని అయిపోగానే, ఆయన లేచేలోపే జాబితా తెరిచి క్లియర్ ఆల్ నొక్కుతాను. పిన్ చేసినవి ఉండి మిగతావన్నీ పోతాయి. కాబట్టి ఎవరి సొంత వివరాలూ పిన్ చేయకూడదు. నోట్‌ప్యాడ్‌ కూడా సేవ్ చేయకుండా మూసేస్తాను. విండోస్ 11 నోట్‌ప్యాడ్ సేవ్ చేయనివాటిని కూడా మళ్లీ తెరిచినప్పుడు చూపించగలదు, కాబట్టి అక్కడ అక్షరాలు చెరిపేసి ట్యాబ్ మూయాలి.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో క్లిప్‌బోర్డ్‌కి వెళ్తే, మీ వేరే పరికరాలతో పంచుకునే ఆప్షన్ ఒకటి ఉంటుంది. సొంత ల్యాప్‌టాప్‌లు రెండున్నవాళ్లకు అది పనికొస్తుంది. షాపులో ఆఫ్‌లోనే ఉంచాలి. మా దగ్గర కస్టమర్లు తామే కూర్చుని వాడుకునే సిస్టమ్‌లలో అయితే హిస్టరీనే ఆపేశాను. అక్కడ కంట్రోల్ సీ, కంట్రోల్ వీ చాలు. ఫారమ్‌లు నేను నింపే కౌంటర్ సిస్టమ్‌లో మాత్రం ఇది లేకుండా పని మొదలుపెట్టను.