1971 సోల్: ముందు మార్విన్ గే, తర్వాతే అల్ గ్రీన్

సోల్ అంటే గోస్పెల్, బ్లూస్ నుంచి పుట్టిన నల్లజాతి అమెరికన్ల సంగీతం. ఆ గాయకులిద్దరివీ 1971లో వచ్చిన ఆల్బమ్‌లు: మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’, అల్ గ్రీన్ ‘అల్ గ్రీన్ గెట్స్ నెక్స్ట్ టు యూ’. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేలోపు ఈ రెండూ వినేయొచ్చు.

‘వాట్స్ గోయింగ్ ఆన్’లో పాటలు 9, నిడివి సుమారు 35 నిమిషాలు. మొదటి ఆరూ ఎక్కడా ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. అందుకే ప్లేయర్‌లో షఫుల్ (పాటల వరుస కలిపేసేది) తీసేయాలి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రానివ్వనిది) ఆన్ చేయాలి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట ముగియకముందే తర్వాతిది మొదలుపెట్టేది) సున్నాలో పెట్టాలి. లేకుంటే అతుకుల దగ్గర పాట తెగుతుంది, లేదా ఒకదాని మీద ఒకటి ఎక్కి గజిబిజి అవుతుంది. టైటిల్ పాటలో మార్విన్ రెండు వేర్వేరు టేకుల్లో (విడివిడి రికార్డింగుల్లో) ఒకేసారి పాడుతుంటాడు. అది హెడ్‌ఫోన్స్‌లోనే స్పష్టం. జేమ్స్ జేమర్సన్ వాయించిన బేస్ గిటార్ ఫోన్ స్పీకర్‌లో దాదాపు మాయం. రైలు మోత కూడా బేస్‌నే మింగుతుంది కాబట్టి చెవి రంధ్రానికి సరిగ్గా బిగిసే రబ్బరు టిప్స్ వాడాలి, వాల్యూమ్ పెంచితే లాభం లేదు.

‘అల్ గ్రీన్ గెట్స్ నెక్స్ట్ టు యూ’కు ఈ తిప్పలు లేవు. ఇది రికార్డయింది అమెరికాలోని మెంఫిస్‌లో, ఒకప్పటి సినిమా టాకీసైన రాయల్ స్టూడియోలో. నిర్మాత విల్లీ మిచెల్. డ్రమ్స్ పొడిగా (ప్రతిధ్వని లేకుండా), పక్కనే కొట్టినట్టుంటాయి. గిటార్, బేస్, ఆర్గన్ వాయించింది హాడ్జెస్ అన్నదమ్ములు. ఏ పాటకాపాటే, షఫుల్ పెట్టుకున్నా నష్టం లేదు. హన్మకొండ చౌరస్తా రద్దీలోనూ ఆ గొంతు చెవిన పడుతుంది. ఆల్బమ్ కట్టుబడిలో మాత్రం మార్విన్‌దే పైచేయి. అల్ గ్రీన్ ఆల్బమ్‌లో ‘లైట్ మై ఫైర్’ దాటేసినా ఫర్వాలేదు. ‘టైర్డ్ ఆఫ్ బీయింగ్ అలోన్’ దాటొద్దు.