ఫ్లష్ ట్యాంకుకు సిలికాన్ వాషర్: రెండేళ్లు దాటిన వాడకం

విశాఖపట్నం మధురవాడలో మా ఫ్లాటుకు వచ్చేది బోరు నీరు. కుళాయిల చుట్టూ తెల్లటి పొర కట్టే నీరది. ఫ్లష్ ట్యాంకుతో పాటు వచ్చిన నల్ల రబ్బరు వాషర్ ఆ నీటికి ఏడాది తిరగకముందే బిరుసెక్కి, కమోడ్‌లోకి సన్నటి ధార వదిలేది. దాని స్థానంలో సిలికాన్ వాషర్ వేసి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ చుక్క కారడం లేదు.

అయితే కారే ప్రతి ట్యాంకుకూ మందు వాషర్ కాదు. ముందు మూత తీసి చూడండి. నీరు ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాకా వచ్చి అందులోకి జారుతుంటే తప్పు ఫ్లోటుది, అంటే నీటి మీద తేలుతూ ట్యాంకు నిండగానే నీరు ఆపే భాగానిది. దాన్ని కాస్త కిందికి దించి చూడండి. మట్టం అంచుకు కిందే ఉంటే ట్యాంకులో నాలుగు చుక్కల నీలిమందు వేసి, ఫ్లష్ నొక్కకుండా అరగంట ఆగండి. కమోడ్‌లో నీలం కనిపించిందంటే అప్పుడు వాషర్ మార్చాల్సిందే.

మార్చడానికి ప్లంబరు అక్కర్లేదు. ట్యాంకుకు నీరొచ్చే కుళాయి (యాంగిల్ కాక్) కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, లోపలి ఫ్లష్ వాల్వును ఎడమకు తిప్పితే మాది చేతిలోకి ఊడి వచ్చింది. పాత వాషర్‌ను వేలితో తడిమితే అంచంతా గరుకు, ఒకచోట గోరు పట్టేంత గాడి. అసలు జాగ్రత్త పడాల్సింది వాషర్ ఆనుకునే చోట. అక్కడ సున్నంలా గట్టిపడిన పొర ఉంటే ఎంత మంచి వాషర్ వేసినా కారుతుంది. చాకుతో గీకితే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి. వెనిగర్‌లో తడిపిన గుడ్డ కాసేపు ఉంచి తుడిస్తే పొర మెత్తబడి వచ్చేస్తుంది.

పాత వాషర్‌ను వెంట తీసుకెళ్లి, కొలత సరిచూసి కొనండి. పూర్ణా మార్కెట్లో నాకు వందలోపే దొరికింది. అడగకపోతే చేతిలో పెట్టేది రబ్బరుదే. సిలికాన్ అని గట్టిగా అడగాలి. లోపమంటే ఒక్కటే, అన్ని కొలతల్లోనూ దొరకదు. సిలికాన్ అయినా తెల్లపొర పేరుకోకుండా ఆపలేదు కనుక అప్పుడప్పుడూ తుడవక తప్పదు. ట్యాంకులో క్లోరిన్ బిళ్లలు మాత్రం వేయకండి, లోపలి రబ్బరు భాగాలు పాడవుతాయి.

ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకరు కోసం ఎదురుచూసే అపార్టుమెంట్లు మా చుట్టూ ఎన్నో. సన్నగా కారే ట్యాంకు రోజుకు వందల లీటర్లు మింగగలదు. చప్పుడు లేకుండా కారుతుంది కాబట్టి ఎవరికీ పట్టదు, నాకు బాధ కలిగించేది అదే.

కమోడ్ మీద ట్యాంకు బోల్టులతో బిగించిన రకమైతే, వాషర్ మార్చే రోజే వాటినీ చూడండి. మన సముద్రపు గాలికి ఇనుప బోల్టులు తుప్పు పట్టి అక్కడి నుంచీ కారతాయి. ఇత్తడివి వేయించుకోండి.