పాక్సోస్, రాఫ్ట్: పరిశోధక విద్యార్థి ముందుగా దేన్ని చదవాలి?

డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో (నెట్‌వర్క్ ద్వారా కలిసి పనిచేసే కంప్యూటర్ల వ్యవస్థల్లో) డాక్టరేట్‌కు సిద్ధపడే విద్యార్థి తప్పక ఎదుర్కొనే ప్రశ్న ఒకటుంది: కొన్ని సర్వర్లు ఆగిపోయినా, సందేశాలు ఆలస్యమైనా, మిగిలినవి ఒకే నిర్ణయానికి ఎలా రాగలవు? లెస్లీ లాంపోర్ట్ 1998లో ప్రచురించిన పాక్సోస్, డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో ప్రచురించిన రాఫ్ట్ దీనికి జవాబిచ్చే ప్రసిద్ధ అల్గారిథమ్‌లు. రెండూ మెజారిటీపైనే ఆధారపడతాయి. 5 సర్వర్లలో 2 ఆగిపోయినా పని సాగుతుంది.

తేడా సమస్యను విడగొట్టిన తీరులో ఉంది. పాక్సోస్ ఒక్క విలువపై అంగీకారాన్ని రెండు దశల్లో సాధిస్తుంది: మొదటి దశలో ప్రతిపాదించే సర్వర్ తన ప్రతిపాదన సంఖ్య కంటే చిన్న సంఖ్య గల ప్రతిపాదనలను ఇకపై ఆమోదించబోమని మెజారిటీ నుంచి మాట తీసుకుంటుంది, వాటిలో ఏవైనా అంతకుముందే విలువలను ఆమోదించి ఉంటే, అత్యధిక సంఖ్యతో ఆమోదం పొందిన విలువనే రెండో దశలో ముందుకు తేవాలి. భద్రతకు (అంటే రెండు వేర్వేరు విలువలు ఎప్పుడూ ఖరారు కాకుండా ఉండటానికి) ఆయువుపట్టు ఈ నియమమే, అది అర్థమయ్యాక రుజువు ఎంతో అందంగా తోస్తుంది. అయితే ఆదేశాల లాగ్‌ను (సర్వర్లన్నీ ఒకే క్రమంలో అమలు చేయాల్సిన ఆదేశాల జాబితాను) సమర్థంగా నడిపే వివరాలు చాలావరకు అమలు చేసేవారికే మిగిలాయి.

రాఫ్ట్ మొదటి నుంచీ లాగ్‌నే కేంద్రంగా తీసుకుంది. మెజారిటీ కంటే లాగ్ వెనకబడిన సర్వర్ లీడర్‌గా (మిగతావాటిని నడిపించే సర్వర్‌గా) ఎన్నిక కాజాలదు, లాగ్ ఎంట్రీలు లీడర్ నుంచే ఇతరులకు వెళ్తాయి. రెండింటినీ నేర్పి పరీక్షించిన రాఫ్ట్ రచయితల అధ్యయనంలో 43 మంది విద్యార్థుల్లో 33 మంది పాక్సోస్ ప్రశ్నల కంటే రాఫ్ట్ ప్రశ్నలకే మెరుగ్గా జవాబిచ్చారు (పరీక్ష పెట్టింది రాఫ్ట్ సృష్టికర్తలేనని మరవరాదు).

కోడ్ రాసి వైఫల్యాలను పరీక్షించదలచినవారు రాఫ్ట్‌తో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. కొత్త కోరమ్ (నిర్ణయానికి అంగీకరించాల్సిన సర్వర్ల సమూహం) నిర్మాణాలపై పనిచేసేవారికి మాత్రం పాక్సోస్ తప్పదు, ఎందుకంటే రెండు దశల కోరమ్‌లూ మెజారిటీలే కానక్కర్లేదని చూపిన 2016 నాటి ఫ్లెక్సిబుల్ పాక్సోస్ వంటి ఫలితాలు ఆ రెండు దశలను విడివిడిగా పరిశీలించడం వల్లనే పుట్టాయి.