550 కిలోల కారుకి ఏ టైరు? సెవెన్ తరహా కిట్ కార్ల గ్రిప్ టైర్ల రివ్యూ

కేటరమ్ సెవెన్, వెస్ట్‌ఫీల్డ్ లాంటి కిట్ కార్లకి (భాగాలుగా కొని బిగించుకునే తేలిక స్పోర్ట్స్ కార్లకి) టైర్లు కొనేటప్పుడు చాలామంది అన్నిటికన్నా మెత్తని రబ్బరు ఏదో కనుక్కుని కళ్లు మూసుకుని అదే తీసుకుంటారు. బరువైన కారైతే ఆ లెక్క చాలావరకు నడుస్తుంది. 550 కిలోల కారు దగ్గర మాత్రం బెడిసికొడుతుంది.

ఎందుకో చూడండి. 195/50 ఆర్15 సైజు (195 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క ఎత్తు అందులో 50 శాతం, రిమ్ము 15 అంగుళాలు) టైరుకి లోడ్ ఇండెక్స్ మామూలుగా 82 ఉంటుంది. అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోయగలదు. కారు 550, నడిపే మనిషి 80 అనుకుంటే మొత్తం 630. ఒక్కో చక్రం మీద పడేది సుమారు 158 కిలోలు, అంటే టైరు సత్తాలో మూడో వంతు. ఆ కాస్త బరువుకి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) వంగదు, ట్రెడ్ (నేలని తాకే భాగం) నలగదు. నలగనిది వేడెక్కదు. ట్రాక్ కోసం చేసిన రబ్బరు వేడెక్కకపోతే మంచి రోడ్డు టైరు కన్నా ఘోరంగా జారుతుంది. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ మార్కులు తొందరగా వేడెక్కే టైరుకే.

ఆ లెక్కన 15 అంగుళాల రిమ్ములున్నవాళ్లకి మొదటి ఎంపిక యోకోహామా అడ్వాన్ ఏ052. దీని ట్రెడ్‌వేర్ అంకె (ఎంత తక్కువైతే అంత తొందరగా అరుగుతుందని అర్థం) 200, చూడ్డానికి రోడ్డు టైరే. కానీ పట్టు దాదాపు సెమీ స్లిక్‌తో (గాడులు బాగా తక్కువుండే ట్రాక్ టైరుతో) పోటీపడుతుంది, ఒకటి రెండు ల్యాపుల్లోనే పనిలోకి దిగుతుంది. బరువైన కార్లలో ఇది మితిమీరి వేడెక్కి జారుడు మొదలెడుతుందన్న ఫిర్యాదు ఉంది. తేలిక కారులో ఆ బాధ తక్కువ. లోపం అరుగుదల: మెత్తగా ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. (ట్రెడ్‌వేర్ అంకెని ఎవరి టైరుకి వాళ్లే పరీక్షించి వేసుకుంటారు. రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టి తేల్చుకోవద్దు.)

టోయో ఆర్888ఆర్ ట్రెడ్‌వేర్ 100. 13 అంగుళాల రిమ్ములవాళ్లకి దొరికే కొద్ది మంచి టైర్లలో ఇదొకటి: ముందు 185/60, వెనక 205/60. పొడి రోడ్డు మీద, టైరు వెచ్చబడ్డాక, స్టీరింగ్ తిప్పిన మరుక్షణం ముక్కు తిరుగుతుంది. చల్లటి ఉదయం మొదటి కొన్ని మైళ్లు మాత్రం వెనక చక్రాలు సన్నని థ్రాటిల్‌కే జారతాయి. ట్రెడ్‌లో గాడులు తక్కువ కాబట్టి నిలిచిన నీళ్లంటే దీనికి గిట్టదు.

నాన్‌కాంగ్ ఏఆర్-1 కూడా ఇదే కోవ. ధర తక్కువ, ఎన్నిసార్లు వేడెక్కి చల్లారినా పట్టు నిలుపుకుంటుంది, అందుకే ట్రాక్ డేల్లో (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజుల్లో) ఎక్కడ చూసినా ఇదే. సైడ్‌వాల్ గట్టిది, కాబట్టి తేలిక కారులో వేడెక్కడానికి ఇంకాస్త టైము అడుగుతుంది. 20 నిమిషాల సెషన్లో మొదటి నాలుగైదు ల్యాపులు దానికే పోతాయి. ట్రాక్‌కి ట్రెయిలర్ మీద వెళ్లేవాళ్లకి పర్వాలేదు. రోడ్డు మీద నడిపి, ట్రాక్‌లో ఆడి, మళ్లీ వానలో ఇంటికి రావాలంటే నా ఓటు దీనికి కాదు.

అదే కంపెనీ ఎన్ఎస్-2ఆర్ ట్రెడ్‌వేర్ 120, 180 అని రెండు కాంపౌండ్లలో (రబ్బరు మిశ్రమాల్లో) వస్తుంది. చవక. ఆర్డర్ చేసేటప్పుడు ఏది పంపుతున్నారో అడగాలి, రెండిటికీ పేరు ఒకటే. బరువైన, బిర్రుగా ఉండే టైరు. సెవెన్‌కి అంతగా నప్పదు.

ఏవాన్ జెడ్‌జెడ్ఆర్, జెడ్‌జెడ్ఎస్ తేలిక స్పోర్ట్స్ కార్లని దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాడినవాళ్లు ఇప్పటికీ వాటినే తలుస్తారు. ఆ కంపెనీకి ఇంగ్లండ్‌లో ఉన్న మెల్క్‌షమ్ ఫ్యాక్టరీ 2023 చివరికి మూతపడింది. కాబట్టి ఎక్కడైనా పాత స్టాకు కనిపిస్తే టైరు పక్క మీద అచ్చువేసిన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 3522 అంటే 2022లో 35వ వారం. ఇలాంటి కాంపౌండ్లు వాడకుండా మూలన పెట్టినా గట్టిపడతాయి.

సైజు మార్చేటప్పుడు ఎత్తు లెక్క వేసుకోండి. 195/45 ఆర్15 వ్యాసం 556 మిల్లీమీటర్లు, 195/50 ఆర్15 అయితే 576. కారు 10 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, గేరింగ్ మూడున్నర శాతం పొడవవుతుంది (అదే ఇంజన్ వేగానికి కారు అంత ఎక్కువ దూరం పోతుంది), స్పీడోమీటర్ ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. ముందు మడ్‌గార్డ్ స్టేలకి (దాన్ని పట్టి ఉంచే కడ్డీలకి) టైరు రాసుకుంటుందేమో స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడాలి. రాపిడి మొదట స్టే వంపు దగ్గరే కనిపిస్తుంది.

ఇక గాలి. తేలిక కారుకి సగం గ్రిప్ ఇక్కడే ఉంది. సెవెన్‌కి టైరు చల్లగా ఉన్నప్పుడు 18 పీఎస్ఐ మంచి మొదలు. టైరు షాపువాళ్లు అలవాటు కొద్దీ 32 కొట్టేస్తారు. అలాగే బయటికి వస్తే మొదటి రౌండెబౌట్ దగ్గరే కారు తోక ఊపుతుంది. షాపు గేటు దాటకముందే చూసుకోవాలి. పెట్రోల్ బంకు గేజి 2 పీఎస్ఐ అటూ ఇటూ చూపినా మామూలు కారుకి ఫరక్ పడదు. 18 మీద అది 11 శాతం. 0 నుంచి 30 దాకా చూపే చిన్న గేజి ఒకటి కొనుక్కోండి.

ఈ ఒత్తిడి దగ్గర టైరు లోపలి గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. సెషన్ ముగిసి పిట్‌లోకి రాగానే గేజి 19 కూడా దాటలేదంటే టైరు పని చెయ్యలేదన్నమాట. గాలి తగ్గించి చూడండి, ఒక్కోసారి 1 పీఎస్ఐ చొప్పున. సూది ఉన్న పైరోమీటర్ (వేడి కొలిచే పరికరం) ఉంటే ట్రెడ్ లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా గుచ్చి చూడాలి. పైపైన లేజర్ వేస్తే తప్పుడు అంకె వస్తుంది, ఉపరితలం క్షణాల్లో చల్లారిపోతుంది. మధ్యలో ఎక్కువ వేడి ఉంటే గాలి ఎక్కువైనట్టు. లోపలి అంచు బయటి కన్నా ఐదు నుంచి పది డిగ్రీలు ఎక్కువుంటే క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకి వాలిన కోణం) బాగున్నట్టే.

తక్కువ గాలికి ఒక మూల్యం ఉంది. టైరు నీటి మీద తేలే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని నాసా పరిశోధకులు విమాన టైర్లకు ఓ సూత్రం కట్టారు. దాని ప్రకారం 32 పీఎస్ఐకి గంటకి 94 కిలోమీటర్లు, 18కి 70. కారు టైరుకి ఇది ఉజ్జాయింపే. అయినా మోటర్‌వే మీద వాన దంచుతుంటే సెమీ స్లిక్ మీద 70 దాటకపోవడం ఒంటికి మంచిది.

కొత్త పట్టు ఇంజన్ మీదా పడుతుంది. పొడవాటి మలుపులో ఆయిల్ సంప్‌లో (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఒక పక్కకి ఒదిగి, పంపు గాలి పీల్చడం మొదలెడితే బేరింగులు పోతాయి. ఆయిల్ అంతా ఆ తొట్టిలోనే ఉండే వెట్ సంప్ ఇంజన్‌కి బాఫుల్ (ఆయిల్ పక్కకి పోకుండా ఆపే అడ్డు రేకు) లేకుండా ఈ టైర్లు వెయ్యొద్దు. మలుపులో ఆయిల్ ప్రెషర్ సూది వణికితే టైరు సంగతి తర్వాత, ముందు సంప్ చూసుకోవాలి.

బిగించేటప్పుడు రిమ్ము లోపల అతికించే బ్యాలెన్స్ వెయిట్లు బ్రేకు కాలిపర్‌కి తగలకుండా చూడమని చెప్పండి. 13 అంగుళాల రిమ్ములో ఖాళీ చాలా తక్కువ. నాలుగు చక్రాలకీ ఒకే రకం టైరు ఉండాలి. వెనక మాత్రమే మంచివి వేస్తే ముందు పక్క దున్నుకుంటూ పోతుంది, ముందు మాత్రమే వేస్తే వెనక తిరిగిపోతుంది. కొత్త టైరుని మొదటిసారి 15, 20 నిమిషాలు నెమ్మదిగా వేడెక్కించి, ఒక రోజు పూర్తిగా చల్లారనిస్తే ఎక్కువ కాలం వస్తుంది.

పోటీలకి వెళ్లేవాళ్లు మోటర్‌స్పోర్ట్ యూకే (బ్రిటన్‌లో కారు పోటీల నియంత్రణ సంస్థ) టైర్ల జాబితాలో తమది 1ఏలో ఉందో 1బీలో ఉందో డబ్బు కట్టేముందే చూసుకోవాలి. తప్పు జాబితా టైరుతో వెళ్తే స్క్రూటినీరింగ్ (పోటీకి ముందు కారు తనిఖీ) దగ్గరే వెనక్కి పంపుతారు. చలికాలం షెడ్డులో సున్నా డిగ్రీల కిందకి పోతే ట్రాక్ కాంపౌండ్ చిట్లే ప్రమాదం ఉందని కంపెనీలే హెచ్చరిస్తాయి. చక్రాలు విప్పి ఇంట్లో పెట్టడం మేలు. అది కుదరకపోతే గడ్డకట్టే చలిలో కారుని అంగుళం కూడా కదపొద్దు.